అక్టోబరులో సీతంపేట జలపాతాలకు పాతికమంది: ఏ రోజు, ఏ గెడ్డ, ఏం జాగ్రత్త?

ఆమదాలవలస ఉష

నమస్కారమండీ. శ్రీకాకుళం నుంచి పాతికమందిమి ఒక్క రోజులో సీతంపేట వైపు వెళ్ళి రావాలనుకుంటున్నాం. అందులో పదేళ్ళలోపు పిల్లలు ఆరుగురు, అరవై దాటినవాళ్ళు ముగ్గురు. మెట్టుగూడ జలపాతం, ఆడలి వ్యూ పాయింట్ రెండూ ఒకే రోజు కుదురుతాయా? కొందరు సున్నపుగెడ్డ అంటున్నారు, ఇంకొందరు సాలూరు వైపు శిఖపరువు, లొద్ద బాగుంటాయంటున్నారు. అక్టోబరు అంటే తుపాన్ల భయం కూడా ఉంది. పెద్ద బస్సు మాట్లాడాలా, చిన్న బళ్ళా? పిల్లల్ని నీళ్ళలోకి దింపొచ్చా? అక్కడి సంగతులు తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

గెడ్డ గట్టు

ఉషగారూ, ఏ జలపాతం అన్నదానికన్నా ఏ రోజు అన్నదే ముందు తేల్చుకోవాలి. మన వైపు కొండగెడ్డలకి (కొండవాగులకి) జులైలో నీళ్ళు మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ధార పెద్దదే గాని ఎర్రగా పడుతుంది. పోడు చేసిన వాలుల్లో నేల వదులుగా ఉంటుంది కాబట్టి వాన పడ్డప్పుడల్లా మన్ను కొట్టుకొస్తుంది. సెప్టెంబరు ఆఖరుకి గడ్డీ తుప్పలూ నేలని పట్టేస్తాయి, కొండ లోపల ఊట నిండుతుంది. అప్పుడు వాన లేని రోజు కూడా ధార తెల్లగా, సమంగా పడుతుంది. నవంబరు సగం దాకా అదే మంచి కాలం. సంక్రాంతి దాటితే చిన్న గెడ్డలు సన్నబడతాయి, మార్చికి చాలాచోట్ల ఒట్టి బండే.

చిక్కల్లా, తుపాన్ల కాలమూ అదే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు దాటింది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటింది. అందుకని ఒక్క తేదీ వేసుకోకండి, పది రోజుల ఎడంతో రెండు తేదీలు పెట్టుకోండి. బండికి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే "వాతావరణ హెచ్చరిక వస్తే రెండో తేదీకి మారుస్తాం" అని ఒప్పించుకోండి. అడ్వాన్సు పోతుందన్న బాధతో ముసురులో బయల్దేరినవాళ్ళే ఎక్కువ ఇబ్బందుల్లో పడతారు. వాన ఆగిన వెంటనే కూడా వద్దు. పెద్ద వాన తర్వాత కనీసం రెండు పొడి రోజులు గడవనివ్వండి.

హెచ్చరికలు చూసే దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. శ్రీకాకుళం జిల్లా పేరు మీద చూసి "ఏమీ లేదు" అనుకుంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి సీతంపేట, పాలకొండ, సాలూరు, కురుపాం అన్నీ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. మన నోటికి ఇంకా శ్రీకాకుళం, విజయనగరం అనే వస్తుంది గాని ఐఎండీ (భారత వాతావరణ శాఖ) హెచ్చరిక మన్యం పేరు మీద వస్తుంది. దానితోపాటు కొండ అవతల ఒడిశా జిల్లాలు గజపతి, రాయగడ కూడా చూడండి. సాలూరు వైపు అయితే కోరాపుట్ చూడాలి. గెడ్డకి నీళ్ళు వచ్చేది పైనుంచి. కింద మనం ఎండలో నిలబడి ఉండగానే పైన కురిసిన వాన వచ్చి మీద పడొచ్చు.

అది ఎంత వేగంగా వస్తుందో ఒక లెక్క చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే పది లక్షల లీటర్లు. పైన నాలుగు చదరపు కిలోమీటర్ల కొండ నీళ్ళు ఒకే గెడ్డలోకి దిగుతున్నాయనుకోండి. గంటలో 50 మి.మీ. కురిస్తే 20 కోట్ల లీటర్లు. అందులో సగమే గెడ్డలోకి వచ్చి, రెండు గంటల్లో దిగిపోయినా సెకనుకి దాదాపు 14 వేల లీటర్లు. మామూలు రోజున అదే గెడ్డలో సెకనుకి 250 లీటర్లు పారుతుంటే అది యాభై రెట్ల పైన. నేల అప్పటికే తడిసి ఉంటే సగం కన్నా ఎక్కువే వస్తుంది. నిటారు వాలు, పలచని మన్ను, కింద బండ. నీటిని పట్టి ఉంచేది ఏదీ లేదు.

ఐఎండీ "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ., "అతి భారీ" అంటే 204.4 దాకా. అదంతా రోజు మొత్తం లెక్క. గెడ్డ పొంగడానికి ఆ వానలో సగం రెండు గంటల్లో పడితే చాలు. అందుకని రోజువారీ సూచనతో ఆగిపోకుండా, ఉదయం బయల్దేరే ముందు ఒకసారి, సీతంపేట చేరాక మరోసారి మూడు గంటల ముందస్తు సూచన చూసుకోండి. లోపలికి వెళ్ళాక ఫోను సిగ్నల్ మీద భరోసా పెట్టుకోవద్దు. దామిని యాప్ పిడుగులని 20, 40 కి.మీ. పరిధిలో చూపిస్తుంది, దాన్ని కూడా సిగ్నల్ ఉన్నచోటే చూడాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపే ఉంటే బండల మీంచి లేచి బండి ఎక్కేయాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి రాకూడదు.

గెడ్డ దగ్గరికి చేరగానే మొదటి పని: నీటి అంచున కదలని బండ ఒకటి చూసి, నీళ్ళు తగిలేచోట బొగ్గుతోనో ఇటుకముక్కతోనో గీత పెట్టండి. ఆ గీత చూసే పని ఒక మనిషికి అప్పగించండి. ఆ మనిషి నీళ్ళలోకి దిగకూడదు, పది నిమిషాలకోసారి చూడాలి. బెత్తెడు పెరిగితే చెప్పులు వెతుక్కోకుండా గట్టెక్కాల్సిందే. గీత మునిగేలోపే ఇంకో మూడు గుర్తులు కనిపిస్తాయి. తేటనీరు టీ రంగుకి తిరుగుతుంది, ఎండుటాకులూ పుల్లలూ గుంపుగా వస్తాయి, ధార చప్పుడు సన్నం నుంచి బొంగురుకి మారుతుంది. మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా చాలు, రెండోదాని కోసం ఆగొద్దు.

ఇంకొకటి. మన తూర్పు కనుమల రాయి చాలావరకు ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. ఇది పొరలుపొరలుగా పాడవుతుంది, పైకి గట్టిగా కనిపించే అంచు లోపల గుల్లబారి ఉంటుంది. ధార పై అంచున నిలబడి ఫొటో తీసుకోవడం ఎంతమాత్రం వద్దు.

పాలకొండ మలుపు

దారి సంగతి నేను చెప్తాను. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస, పాలకొండ మీదుగా సీతంపేట సుమారు 60 కి.మీ., గంటన్నర పెట్టుకోండి. బయటూరి చుట్టాలు రైల్లో వస్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అది మీ ఆమదాలవలసలోనే కదా. ఉదయం 6కి బయల్దేరితే 8కల్లా సీతంపేటలో టిఫిను అవుతుంది.

పాతికమందికి పెద్ద బస్సు వద్దండి. 12 సీట్ల టెంపోలు రెండు, ఒక కారు మాట్లాడుకోండి. పెద్ద బస్సుకి లోపలి రోడ్లలో ఎదురుబండి వస్తే వెనక్కి తీసే చోటుండదు. ఆడలి ఘాట్‌లో మలుపులు మరీ దగ్గర. ఎక్కడం ఇంజిను చూసుకుంటుంది, ప్రమాదమంతా దిగడంలోనే. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. డ్రైవరు మూడో గేరులో బ్రేకు మీద కాలేసి దిగుతుంటే కాసేపటికి కాలిన వాసన వస్తుంది, పెడలు మెత్తబడుతుంది. అప్పుడు బండి పక్కకి ఆపి, చక్రాలకి రాళ్ళు పెట్టి, ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. నీళ్ళు పోసి చల్లార్చకూడదు, వేడి డ్రమ్ము పగులుతుంది. బయల్దేరే ముందు టైర్ల గాడులు, బ్రేకు ఆయిలు చూపించమని అడగండి. ఘాట్ నడిపిన డ్రైవరే కావాలని ముందే చెప్పండి.

మీ గుంపులో కుర్రాళ్ళు బైకుల మీద వస్తామంటారు. గేరు లేని స్కూటర్ల మీద ఆడలి వద్దనండి. దిగేటప్పుడు వాటిని ఇంజిను సరిగ్గా పట్టి ఉంచదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇద్దరెక్కితే మరీను. ఘాట్‌లో ఎక్కే బండికి దారివ్వాలి, ప్రతి మలుపులో హారను కొట్టాలి.

మెట్టుగూడ, ఆడలి ఒకే రోజు కుదురుతాయి, కాకపోతే ఆడలి ముందు, మెట్టుగూడ తర్వాత. వ్యూ పాయింటుకి పొద్దున్నే వెళ్తే లోయలో మంచు కనిపిస్తుంది, 11 దాటితే ఎండకి అంతా తెల్లగా మసకేస్తుంది. జగతపల్లి వ్యూ పాయింటూ ఉంది గాని పిల్లలతో మూడు చోట్లంటే దిగడం, ఎక్కడం, మనుషుల్ని లెక్కపెట్టుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. సున్నపుగెడ్డ అడవి నడక. పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్న గుంపుకి వద్దు. సాలూరు అయితే మీకు రాజాం, బొబ్బిలి మీదుగా రానూపోనూ ఐదారు గంటలు. పైగా సాలూరు నుంచి ఒడిశా వైపు ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి నిండా లారీలే. శిఖపరువు, లొద్ద, కూరుకూటి చూడాలనుంటే సాలూరులో రాత్రి ఉండేలా వేరే ప్రయాణం పెట్టుకోండి.

ఏ రోజు అంటే, ఆదివారం కాకుండా చూడండి. ఆదివారం జనం తోసుకుంటారు, తాగి వచ్చేవాళ్ళూ ఉంటారు. సోమవారం సీతంపేట వారపు సంత. కొండ ఊళ్ళ నుంచి జనం దిగుతారు, ఆటోలూ జీపులూ కిటకిట. మీకు సంత చూడాలనుంటే సోమవారమే రండి, అక్టోబరులో సీతాఫలాలు బుట్టల కొద్దీ వస్తాయి. జలపాతమే ముఖ్యమైతే శనివారం నయం.

ఆమదాలవలస ఉష

ఇద్దరికీ ధన్యవాదాలండీ. సున్నపుగెడ్డ, సాలూరు మానేశాం. పిల్లలు ధార కింద తడవాలని పట్టుబడతారు, అదొక్కటీ చెప్పండి. ఎంత లోతు దాకా పర్లేదు? తాడు తీసుకెళ్ళాలా? మాలో ఈత వచ్చినవాళ్ళు నలుగురున్నారు.

నీటి కాపలా

ఉషగారూ, ఈత వచ్చినవాళ్ళున్నారు కదా అన్న ధైర్యం జలపాతం దగ్గర పనికిరాదు. ధార పడేచోట నీళ్ళలో గాలి బుడగలు కలిసి నురగ తయారవుతుంది. నురగ మనిషిని తేల్చదు. చెరువులో చక్కగా తేలే మనిషి అక్కడ మునుగుతాడు, చెయ్యి వేసినా పట్టు దొరకదు. పైగా పడిన నీరు అడుక్కి దిగి, ముందుకెళ్ళి, పైనుంచి మళ్ళీ ధార వైపు తిరుగుతుంది. ఆ సుడిలో చిక్కితే ఒడ్డు రెండు బారల దూరంలో ఉన్నా చేరలేరు. మనిషి ఎంత బలంగా ఈదితే అంత తొందరగా అలిసిపోతాడు.

ధార కింద తల పెట్టడం గురించి: పది మీటర్ల ఎత్తు నుంచి పడిన గులకరాయి కిందికొచ్చేసరికి గంటకి 50 కి.మీ. వేగంతో ఉంటుంది. నీళ్ళతోపాటు రాళ్ళూ కొమ్మలూ ఎప్పుడు దొర్లుతాయో పైకి కనబడదు. బండ మీద సన్నగా జారుతూ వచ్చే పాయ దగ్గర, కూర్చుని, తడవనివ్వండి. నేరుగా పడే ధార కింద పిల్లలూ వద్దు, పెద్దలూ వద్దు.

స్నానానికి గుండం కాదు, దాని దిగువన నీరు పరుచుకుని నెమ్మదిగా పారేచోటు ఎంచుకోండి. ముందు ఒక పెద్దమనిషి ఆరడుగుల వెదురుకర్రతో అడుగడుగూ పొడిచి చూసి రావాలి. పిల్లలకి వాళ్ళ మోకాలి లోతు, పెద్దలకి వాళ్ళ మోకాలి లోతు, అంతే. నీటి వేగం రెట్టింపయితే తోసే బలం నాలుగు రెట్లవుతుంది, కాబట్టి లోతు ఒక్కటే చూసి నిర్ణయించకండి. ఎండుటాకు ఒకటి వదలండి. మీరు మామూలుగా నడిచే వేగం కన్నా ఆకు ముందుకెళ్ళిపోతే అక్కడ పిల్లలు దిగకూడదు. ఆ చోటుకి దిగువన మళ్ళీ జారుడుబండగాని, ఇంకో ధారగాని లేదని కూడా చూసుకోవాలి. పై మెట్టులో జారినవాళ్ళకి దెబ్బ తగిలేది కింది మెట్టులోనే.

పాకుడు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎండిన బండ మీద నల్లటి మచ్చలా కనిపించేది నీళ్ళు తగలగానే సబ్బులా మారుతుంది. రబ్బరు హవాయి చెప్పులు అక్కడ ఏమాత్రం ఆగవు. వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకుని, వాటిపైన పాత నూలు మేజోళ్ళు తొడగండి, తడి నూలు బండని పట్టుకుంటుంది. మడమ ముందు వెయ్యకుండా పాదమంతా ఒకేసారి ఆనించి నడవాలి. ఒట్టి కాళ్ళతో దిగితే పగిలిన సీసాల గాజు గుచ్చుకుంటుంది.

తాడు తీసుకెళ్ళండి. పాలీప్రొపిలీన్ తాడు, 10 మి.మీ. లావు, 20 మీటర్లు. అది నీళ్ళ మీద తేలుతుంది, నైలాను మునుగుతుంది. దాని చివర మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాను కట్టండి. ఆ క్యాను పట్టుకుంటే పెద్దమనిషైనా తేలతాడు. కానీ తాడుని ఎవరి నడుముకీ కట్టకూడదు. పారే నీటిలో తాడు బిగిస్తే మనిషి పైకి రాడు, నీరే తొక్కేస్తుంది. ఎవరైనా కొట్టుకుపోతుంటే ముందు కర్ర అందించాలి, అందకపోతే క్యాను విసరాలి. తాడు లేకపోతే చీరైనా సరే, మెలిపెట్టి విసిరితే ఐదున్నర మీటర్లు వస్తుంది. విసిరేవాళ్ళు గట్టు మీద కూర్చుని, కాళ్ళు బండకి తన్నిపెట్టుకోవాలి. వెంట దూకడం మాత్రం వద్దు. మన దగ్గర ఒకరి కోసం ఇద్దరు, ఇద్దరి కోసం ముగ్గురు పోయేది అలాగే. కొట్టుకుపోయే మనిషి లేచి నిలబడే ప్రయత్నం చెయ్యకూడదు, పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే పైనుంచి నీరు వంచేస్తుంది. వెల్లకిలా తిరిగి, కాళ్ళు దిగువ వైపు చాచి, ఒడ్డు వైపు చేతులు ఆడిస్తూ పోవాలి. ఈ ముక్క పిల్లలకి బండిలోనే చెప్పండి.

పైకి తీశాక చేసే తప్పు ఇంకొకటుంది. తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం. రెండూ చెయ్యకూడదు. పొట్టలో నీరు గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదండి. తర్వాత రొమ్ము ఎముక మీద ఐదారు సెంటీమీటర్లు దిగేలా 30 నొక్కులు, మళ్ళీ రెండు ఊదులు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. నొక్కే మనిషిని రెండు నిమిషాలకోసారి మార్చండి. చిన్నపిల్లలకి ఛాతీ మందంలో మూడోవంతు దిగితే చాలు. ఒకరు 108కి ఫోను చెయ్యాలి, సిగ్నల్ లేకపోతే బండి తీసుకుని సిగ్నల్ ఉన్నచోటుకి పరిగెత్తాలి. లేచి కూర్చుని మాట్లాడినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

అడ్డాకు విస్తరి

పై అన్నయ్యలు నీళ్ళ సంగతి చెప్పారు, నేను ఊళ్ళ సంగతి చెప్తాను ఉషగారూ. ఆ గెడ్డలు ఉత్త చూడ్డానికి కాదు. సవర, జాతాపు గిరిజనులు ఉండే కొండ ఊళ్ళు చాలావాటికి తాగునీరు ఊటగెడ్డ నుంచే, పైపు వేసి వాలు మీద దింపుకునే గ్రావిటీ పథకం. మీరు నడిచే దారి పక్కన ఆకుల్లో నల్లటి పైపు కనిపిస్తుంది. దాని మీద కాలేస్తే అతుకు ఊడుతుంది, కింద ఊరికి ఆ పూట నీళ్ళుండవు. సబ్బు, షాంపూ, బట్టలుతకడం గెడ్డలో వద్దే వద్దు. మూత్రానికీ దొడ్డికీ నీటి నుంచి 80 అంగలు దూరం వెళ్ళాలి. ఆడవాళ్ళకి బట్టలు మార్చుకోవడానికి రెండు దుప్పట్లు, నాలుగు క్లిప్పులు, ఒక తాడు ఉంటే చెట్ల మధ్య మరుగు కట్టుకోవచ్చు.

గెడ్డ నీరు తేటగా ఉంది కదా అని తాగకండి, పైన పశువులుంటాయి. మనిషికి మూడు లీటర్ల లెక్కన మీకు 75 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. చిన్న సీసాలు కొనకండి, ఇంటి నుంచి స్టీలు గ్లాసులు తెచ్చుకోండి. పులిహోర, చపాతీ అయితే సాయంత్రం దాకా పాడవవు. తినడానికి థర్మాకోల్ పళ్ళేలు కాదు, అడ్డాకు విస్తర్లు. ఏజెన్సీలో అడ్డాకు ఏరి, కుట్టి అమ్మడం ఆడవాళ్ళకి నాలుగు రాళ్ళు తెచ్చే పని. విస్తర్లు కూడా గెడ్డ పక్కన పారేయకుండా మూటగట్టి వెనక్కి తెచ్చేయండి. ప్లాస్టిక్ కవరు ఎండకి పెళుసై ముక్కలవుతుంది, ఆ ముక్కలు గెడ్డ వెంట కిందికి పోయి పొలాల మదుముల్లో అడ్డుపడతాయి. రెండు గోనెసంచులు పట్టుకెళ్ళండి, ఒకటి తడిదానికి, ఒకటి ప్లాస్టిక్‌కి.

ఊరి కుర్రాడినొకడిని దారి చూపడానికి పెట్టుకోండి. డబ్బు ఎంతో ముందే మాట్లాడండి, మనిషికింత అని కాకుండా గుంపుకింత అని. ఏ బండ జారుతుందో, ఏ గుండం లోతో, నిన్న పైన వాన పడిందో లేదో ఏ యాప్ కన్నా వాడికే బాగా తెలుసు. వాడు "ఇవాళ వద్దు" అంటే బేరమాడకండి. ఇళ్ళ ముందు ఆడవాళ్ళనీ పిల్లలనీ అడగకుండా ఫొటోలు తియ్యకండి. పిల్లలకి బిస్కట్లు పంచడం కూడా వద్దండి, రోడ్డు మీదికొచ్చి బళ్ళ వెనక పరుగెత్తడం అలవాటవుతుంది. ఇవ్వాలనుంటే ఊళ్ళో సీతాఫలాలో పసుపో కొనండి. సవర భాష మన తెలుగుకి యాస కాదు, పూర్తిగా వేరే కుటుంబానికి చెందిన భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి దాన్ని నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. మనం పక్క జిల్లాలో ఉండి "వాళ్ళది ఏదో కొండ యాస" అనడం వినడానికి బాధగా ఉంటుంది.

ఆరోగ్యం గురించి రెండు ముక్కలు. ఏజెన్సీలో మలేరియా ఉంది, మెదడుకి ఎక్కే రకం ఫాల్సిపారం కూడా. దోమ కుట్టేది సాయంత్రం నుంచి, అందుకని చీకటి పడకముందే దిగిపోండి, పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు వెయ్యండి. తిరిగొచ్చిన నెల రోజుల్లో ఎవరికి జ్వరమొచ్చినా "ఏజెన్సీకి వెళ్ళొచ్చాం" అని డాక్టరుకి చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే రక్తపరీక్ష రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. తుప్పల్లో కూర్చుంటే నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటుంది, చంకలో, నడుము దగ్గర వెతకాలి. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టి, నడిపించకుండా మోసుకెళ్ళి, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి.

నాగావళి ఒడ్డు

ఎవరూ ఏనుగుల మాట ఎత్తలేదు. 2007 నుంచి ఒడిశా లఖారి లోయ అడవుల ఏనుగులు మన వైపు దిగుతున్నాయి. సీతంపేట, భామిని, హిరమండలం, ఇటు గరుగుబిల్లి, కొమరాడ, జియ్యమ్మవలస దాకా తిరుగుతుంటాయి. బయల్దేరే ముందు రోజు అటవీశాఖవాళ్ళనిగాని, సీతంపేటలో తెలిసినవాళ్ళనిగాని "గుంపు ఎటుంది" అని అడగండి. అవి పొలాల మీదికి దిగేది సాయంత్రం, కదిలి పోయేది తెల్లవారుజామున. కాబట్టి సాయంత్రం 5 దాటాక లోపలి రోడ్ల మీద ఉండొద్దు. రోడ్డు మీద ఎదురైతే బండి దూరంగా ఆపి, హారను కొట్టకుండా, లైట్లు ఎగరేయకుండా నెమ్మదిగా వెనక్కి రావాలి. దిగి ఫొటో తీసే ప్రయత్నం ప్రాణం మీదికి తెస్తుంది. ఏనుగు పరుగు మనిషి పరుగు కన్నా వేగం.

తిరుగుదారిలో కొత్తూరు, హిరమండలం మీదుగా వస్తే వంశధార మీద గొట్టా బ్యారేజీ కూడా చూడొచ్చు, కానీ పొద్దుండగానే. ఏనుగులు అటున్నాయని తెలిస్తే పాలకొండ దారే.

ఆమదాలవలస ఉష

చాలా ఉపయోగపడిందండీ. శనివారం ఒకటి, పది రోజుల తర్వాత మరొకటి పెట్టుకుంటాం. ఆడలి ముందు, మెట్టుగూడ తర్వాత, 3కి నీళ్ళలోంచి లేవడం. రెండు తేదీలకీ వాన హెచ్చరిక ఉంటే పిల్లలు నిరాశపడతారు. వాళ్ళ కోసం దగ్గర్లో ఇంకేమైనా ఉందా? విజయనగరం వైపైనా పర్లేదు.

గెడ్డ గట్టు

వాన హెచ్చరిక రోజున ఏ కొండవైపూ వద్దు. ముసురు తగ్గాక, గెడ్డలు ఇంకా ఉధృతంగా ఉన్నప్పుడు అయితే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్టోబరు నుంచి మార్చి దాకా ఊళ్ళోని చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఉదయం 6 నుంచి 8 లోపు, లేదంటే 4 తర్వాత వెళ్తే పక్షులు చెరువుల నుంచి వస్తూపోతూ ఉంటాయి. మధ్యాహ్నం వెళ్తే సగం పక్షులు మేతకి పోయి ఉంటాయి. బైనాక్యులర్ 8×40 ఒకటి చాలు, పిల్లలకి వంతులవారీగా ఇవ్వండి. చెట్ల కింద నిలబడకండి, కేకలు వెయ్యనివ్వకండి. తల్లి లేచిపోతే గూట్లో గుడ్డు కాకుల పాలవుతుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానాకాలంలోనే వచ్చి పిల్లలు చేస్తాయి, మీరు వెళ్ళేసరికి పిల్లలు ఎగరడం నేర్చుకుంటూ ఉంటాయి.

విజయనగరం వైపైతే తాటిపూడి. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కింద నుంచి దిగి తాటిపూడి రిజర్వాయరులోకి వస్తుంది, అక్కణ్ణించి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గట్టు మీద పిల్లలు నడవొచ్చు, ఎదురుగా కొండలు. పడవ ఎక్కితే మాత్రం లైఫ్ జాకెట్టు పట్టీలన్నీ బిగించాకే ఎక్కించండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటకూడదు, దాటితే ఆ జాకెట్టు మీ పిల్లకి పెద్దది, చిన్నది అడగండి.